పిడకల దండకు పెట్టుబడి ఎప్పుడు?

మాన్యులు, ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమలు, గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్), ప్రవాసాంధ్రుల వ్యవహారాల మంత్రి కొండపల్లి శ్రీనివాస్ గారికి,



మీకు దక్కిన మూడు శాఖలకూ పైకి పొంతన కనిపించదు. చిన్న పరిశ్రమలు ఒకటి, పొదుపు సంఘాలను నడిపే సెర్ప్ ఇంకొకటి, పరాయి దేశాల్లో ఉన్న తెలుగువాళ్ల బాగోగులు మూడోది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఆడవాళ్లు చలికాలంలో చేత్తో చేసి అమ్ముకునే సరుకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ మూడూ ఒకే గొలుసులో పడతాయి. చేసే మనిషి పొదుపు సంఘంలో సభ్యురాలు. ఆమె చేసేది, ఎంత చిన్నదైనా, పరిశ్రమే. కొనేవాళ్లలో ఊరు వదిలి వెళ్లినవాళ్లు చాలామంది. గజపతినగరం శాసనసభ్యులైన మీకు ఈ ప్రాంతం గురించి ఒకరు చెప్పనక్కర్లేదు. అందుకే ఈ లేఖ మీ పేరన.

విషయం భోగి పిడకలు.

నవ్వొస్తే నవ్వవచ్చు. మంత్రిగారికి రాసే ఉత్తరంలో పేడ ఏమిటని అడిగేవాళ్లు కూడా ఉంటారు. అయినా ఉత్తరాంధ్రలో అతి తక్కువ పెట్టుబడితో, ఏ యంత్రమూ శిక్షణా లేకుండా, శీతాకాలంలో ఇంటి దగ్గరే తయారై నగరంలో డబ్బుకు అమ్ముడుపోయే వస్తువు ఇంతకన్నా సులువైనది దొరకదు. డిసెంబరు 16 ప్రాంతంలో నెలగంట పెడతారు. అప్పటి నుంచి ఇళ్ల ముందు ముగ్గులు, గొబ్బెమ్మలు, వాటితోపాటే పిడకలు. ఆవుపేడను చిన్న చిన్న బిళ్లలుగా తట్టి, మధ్యలో వేలితో చిల్లు పెట్టి, గోడకో రాతిబండకో ఆరబెట్టి, తాడుకు గుచ్చి దండ కడతారు. భోగి తెల్లవారుజామున పిల్లలు ఆ దండలు తెచ్చి మంటలో వేస్తారు. ఎవరి దండ పొడుగైతే వాళ్లు ఆ పూటకు గొప్పవాళ్లు. ఒకప్పుడు ఇందులో బేరమన్న మాటే లేదు.

ఇప్పుడుంది. విశాఖపట్నంలో పండగ ముందు రోడ్ల పక్కన పిడకల దండలు పెట్టి అమ్ముతున్నారు. అమెజాన్ వంటి ఆన్‌లైన్ దుకాణాల్లోనూ అట్టపెట్టెలో సర్దిన దండ దొరుకుతోంది. అపార్టుమెంటులో ఆవు లేదు, గోడకు పిడక కొడితే అసోసియేషన్ ఒప్పుకోదు, భోగి మంట మాత్రం గేటు ముందు వేసి తీరాలి. ఊళ్లో ఊరికే దొరికేదానికి నగరంలో గిరాకీ అలా పుట్టింది. ఆ గిరాకీ మీద వచ్చే డబ్బులో ఎక్కువ వాటా పేడ పిసికిన చేతికి చేరడం లేదన్నదే ఇక్కడి గొడవ.

పని చూడ్డానికి తేలికే గాని దానికీ కిటుకులున్నాయి. మంచు కురిసే రోజుల్లో పిడక పైన ఎండినట్టే ఉంటుంది, లోపల పచ్చిగా ఉంటుంది. పచ్చిది పెట్టెలో పెట్టి పంపితే బూజు పట్టి, కొన్నవాడి ఇంట్లో కంపు కొడుతుంది. పొద్దుటి మంచు తగ్గాక ఎండలో పెట్టాలి, మధ్యాహ్నం తిరగెయ్యాలి, సాయంత్రం మళ్లీ మంచు పడకముందే చూరు కిందికి చేర్చాలి. డిసెంబరులో బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టిందంటే వారం పని బురద. మందం ఎక్కువైతే ఆరదు, తక్కువైతే బస్సు కుదుపులకు ముక్కలవుతుంది. పేడ కూడా ఇదివరకంత సులువుగా లేదు. దుక్కి ట్రాక్టరు చేతికి పోయాక ఎడ్లు తగ్గాయి, పశువుల శాలలు చిక్కిపోయాయి. ఆవులున్న ఇల్లు, పని చేసే ఇల్లు వేరు వేరయితే పేడకూ ధర వచ్చి కూర్చుంటుంది.

ఒక లెక్క వేద్దాం. ఇది ఊహాలెక్క, ఎవరి ఇంటి పద్దూ కాదు. ఒకావిడ రోజుకు ఇంచుమించు 100 పిడకలు చేసి, ఆరబెట్టి, తిరగేసి, గుచ్చితే 5 దండలు వస్తాయనుకుందాం. పనికి పట్టేది 3 గంటలు. 20 రోజులకు 100 దండలు, 60 గంటలు. ఎనిమిది గంటల పనిదినాల్లో చెబితే ఏడున్నర రోజులు. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు కాబట్టి ఆ శ్రమకు కనీసం 2,300 రావాలి. ఊరికి వచ్చిన వ్యాపారి దండకు 20 చొప్పున ఇచ్చి ఎత్తుకెళితే ఆమెకు వచ్చేది 2,000. మట్టి తవ్వినా ఇంతకంటే మేలే. అదే దండ సంఘం తరఫున 60కి అమ్ముడై, తాడు, పెట్టె, రవాణా కింద 20 పోయినా 4,000 మిగులుతాయి. పండగకు పిల్లల బట్టలు అప్పు లేకుండా వస్తాయి. ఈ రెండు అంకెల మధ్య తేడా ఆమె పనితనంలో లేదు. నవంబరులో ఆమె చేతిలో ఎంత ఉంది, జనవరిలో ఆమె సరుకు ఎక్కడ నిలబడింది అన్నదాంట్లో ఉంది.

సమావేశాల్లో ఒక మాట తరచు వినిపిస్తుంది: చలికాలంలో పల్లె ఆడవాళ్లకు ఖాళీ కదా, ఏదైనా నేర్పిద్దాం అని. ఆ మాట అన్నవాళ్లు కల్లం చూసి ఉండరు. నాగావళి, వంశధార ఆయకట్టుల్లో నవంబరు, డిసెంబరు అంటే వరి కోతలు, కుప్పలు, నూర్పులు. వరి కోసిన మళ్లలో మినుము, పెసర. ఖాళీగా ఉండేది ఎండాకాలమే. ఉపాధి పనులు ఎక్కువగా జరిగేదీ అప్పుడే. కాబట్టి చలికాలపు చేతిపని ఏదైనా మిగతా పనుల సందుల్లో ఇమిడేదే అయ్యుండాలి. శాల శుభ్రం చేస్తూ పిడక కొట్టవచ్చు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే దండ గుచ్చవచ్చు. పది గంటలకు మండల కేంద్రానికి వెళ్లి సాయంత్రం దాకా కూర్చుని నేర్చుకునే పని మాత్రం కుదరదు, పోయిన కూలి ఎవరూ ఇవ్వరు గనక.

శిక్షణల సంగతి వచ్చింది గనుక ఒక విన్నపం. కొవ్వొత్తుల తయారీ శిక్షణ ఇక చాలించవచ్చు. మైనం బయటి నుంచి రావాలి, అచ్చులు బయటివి, రంగులు బయటివి, సువాసన బయటిది. ఊళ్లో పుట్టేది శ్రమ ఒక్కటే. యంత్రం మీద గంటకు వేలల్లో వచ్చే వస్తువుతో చేతిపని ధరలో పోటీపడలేదు. సర్టిఫికెట్లు గోడకు మిగులుతాయి.

మరి ఊళ్లో పుట్టేవి ఏమిటి? పిడకల దండకు గుచ్చే తాడే తీసుకోండి. ఇప్పుడు చౌకగా దొరుకుతోందని చాలాచోట్ల ప్లాస్టిక్ పురికొస వాడుతున్నారు. భోగి మంటలో అది కాలితే వచ్చే వాసన అందరికీ తెలుసు. విజయనగరం, శ్రీకాకుళం రాష్ట్రంలో గోగునారకు పెట్టింది పేరైన జిల్లాలు. గోగు కోత అక్టోబరు, నవంబరు నెలల్లో. కట్టలు చెరువులో ఊరవేసి, నార తీసి, ఉతికి ఆరబెట్టేసరికి సరిగ్గా ధనుర్మాసం వాకిట్లో ఉంటుంది. జనపనార మిల్లులు ఒక్కటొక్కటే మూతపడుతూ రావడంతో గోగు వేసే రైతులూ తగ్గారు. ఒక్క పిడకల దండతో గోగు సాగు లేచి నిలబడుతుందని ఎవరూ అనరు. కానీ పిడక ఒక ఊరిది, తాడు పక్క ఊరిది అయితే పండగ సొమ్ము రెండు ఊళ్లలో తిరుగుతుంది.

ఉద్దానంలో కొబ్బరి పీచు ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఆ తోటలను నేల కూల్చింది. కవిటి, సోంపేట, కంచిలి వైపు తోటల్లో కొత్త మొక్కలు పెరిగి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఉన్న పీచుతో కాళ్లు తుడుచుకునే పట్టాలు, తాళ్లు చేసే పని ఏడాది పొడుగునా చెయ్యవచ్చు గాని, అమ్మకం ఊపందుకునేది ఇళ్లకు సున్నాలు వేసే పండగ ముందరే.

కొండ మీద సంగతి వేరు. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీలో సవరలు, జాతాపులు చలికాలం చివర కొండచీపురు గడ్డి కోస్తారు. పూత విచ్చీ విచ్చని అదనులో కోయాలి. ముదిరితే ఊడ్చిన ప్రతిసారీ నుసి రాలుతుంది. ఎండబెట్టి, దులిపి, పిడి దగ్గర బిగించి కట్టడంలోనే దాని ఆయుష్షు ఉంటుంది. అడ్డాకు కోసి పుల్లలతో విస్తళ్లు కుట్టే పనీ వాళ్లదే. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది. అటవీ సరుకు కోసం వన్ ధన్ కేంద్రాలూ తర్వాత వచ్చాయి. అయినా కట్టని చీపురు గడ్డిని మోపుల లెక్కన సంతలో వ్యాపారికి ఇచ్చేస్తే కట్టే కూలి మైదానంలో ఇంకొకరికి పోతుంది. పిడి దాకా కొండ మీదే పూర్తిచేసి దింపితే ఆ కూలి అక్కడే ఉండిపోతుంది. దానికి కావాల్సినవి ఇనుప తీగ, పిడికి చుట్టే పట్టీలు, సరుకు తడవకుండా దాచుకునే ఒక గది. ఈ మూడూ గడ్డి కోతకు ముందే ఉండాలి. కోత అయ్యాక మంజూరైన గది మరుసటి ఏడాది గడ్డికే పనికొస్తుంది.

ఇలాంటి పని నడిచే పద్ధతి మీ పొరుగు జిల్లాలో ఎప్పటి నుంచో ఉంది. పొందూరు ఖద్దరు పేరు 1920ల్లోనే గాంధీజీ దాకా వెళ్లింది. అక్కడ ఆడవాళ్లు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి శుభ్రం చేస్తారు. ఆ దవడలు గోదావరి వైపు నుంచి తెప్పించుకుంటారు. ఒంటి కదురు రాట్నం మీద వందో నంబరు సన్న నూలు తీస్తారు. ఈ వింతలన్నీ పత్రికల్లో చాలాసార్లు వచ్చాయి. అంతగా రానిది దాని వెనక ఉన్న ఏర్పాటు. 1949లో పుట్టిన ఆంధ్ర సన్నకారు ఖాదీ సంఘం ఉంది కాబట్టి వడికిన నూలు చిలపలు పట్టుకుని ఆ తల్లి బజారు వెంట తిరగక్కర్లేదు. సంఘానికి ఇస్తుంది, కూలి తీసుకుంటుంది, ఇంటికి పోతుంది. ఆ కూలి చాలదన్నది నిజం. కొత్త తరం రాట్నం వైపు రాకపోవడానికి అదే కారణం. కానీ కొనే దిక్కు స్థిరంగా ఉండబట్టే ఆ పని ఇన్ని దశాబ్దాలు నిలిచింది. పిడకల దండకు, కొండచీపురుకు, పీచు పట్టాకు లేనిది సరిగ్గా ఆ దిక్కే.

కేంద్రం 2023 సెప్టెంబరు 17న మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. బుట్టలు, చాపలు, చీపుర్లు చేసేవాళ్లు, పీచు నేసేవాళ్లు అందులోకి వస్తారు. శిక్షణ రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000, ఆపైన 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు. మంచి పథకమే. పూలదండలు కట్టేవాళ్లకూ చోటుంది, పిడకల దండలు కట్టేవాళ్లకే లేదు. ఇది పరిహాసానికి అన్నా అసలు చిక్కు అందులోనే ఉంది. ఆ పథకం ఏడాదంతా ఒకే వృత్తిలో బతికే కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని రాసింది. ధనుర్మాసంలో పిడకలు, మాఘంలో చీపుర్లు, ఎండాకాలంలో ఉపాధి పని, వానలకు ఊడ్పులు చేసే మనిషిని ఏ వృత్తి గడిలో రాస్తారు? ఆమెకు లక్ష అప్పు అక్కర్లేదు కూడా. నవంబరు మొదటి వారంలో మూడు నాలుగు వేలు చాలు. సంఘాల ఆడవాళ్లకు అప్పు త్వరగా అందాలనే 2011లో స్త్రీనిధి పెట్టారు. నెలనెలా వాయిదాల బదులు, పండగ సరుకు అమ్ముడయ్యాక ఫిబ్రవరిలో ఒక్కసారే తీర్చే నాలుగు నెలల చిన్న అప్పు ఒకటి అందులో చేర్చడం మీ చేతిలో పని.

అమ్మకం దగ్గర ఇంకో ముడి ఉంది. 2023 అక్టోబరు 1 నుంచి చిన్న అమ్మకందార్లు జీఎస్‌టీ నమోదు లేకుండానే, పాన్ ఆధారంగా ఒక ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని, ఆన్‌లైన్ వేదికల మీద సరుకు అమ్ముకోవచ్చు. అయితే రాష్ట్రం లోపలే. ఆ వేదికల ద్వారా రాష్ట్రం దాటి పంపాలంటే ఒక్క దండ అయినా నమోదు తప్పదు. శ్రీకాకుళం నుంచి వలసపోయిన కుటుంబాలు గుంపులుగా ఉండే హైదరాబాదు 2014 జూన్ 2 నుంచి పక్క రాష్ట్రం. అంటే రాజాం నుంచి కూకట్‌పల్లికి పంపే పిడకల దండ చట్టం లెక్కలో అంతర్రాష్ట్ర వాణిజ్యం. రిటర్నులు వేసుకుంటూ కూర్చోమని ఒక్కొక్క ఆడమనిషికి ఎవరూ చెప్పలేరు. మండల సమాఖ్య పేరిట ఒక్క నమోదు ఉంటే చాలు. సరుకంతా ఆ పేరు మీద వెళుతుంది, డబ్బు ఎవరిది వాళ్ల ఖాతాలో పడుతుంది. రవాణాకు ఆర్టీసీ కార్గో ఉంది. పండగకు ముందు నెల రోజులు సంఘాల పెట్టెలకు ఛార్జీ తగ్గించమని రవాణా శాఖకు మీరొక లేఖ రాస్తే సరిపోతుంది.

దగ్గరి బజారును కూడా మరిచిపోకూడదు. ఉత్తరాంధ్రలో చలికాలమంటే వరస తిరునాళ్లు. రామతీర్థంలో ముక్కోటి ఏకాదశి, మక్కువ మండలం శంబరలో పోలమాంబ జాతర, అరసవల్లిలో రథసప్తమి. రథసప్తమిని 2025లో రాష్ట్ర పండుగగా ప్రకటించారు. లక్షల మంది వస్తారు. అక్కడ ప్లాస్టిక్ బొమ్మలు, ఉత్తరాది నుంచి దిగిన గాజులు, బెలూన్లు రాజ్యమేలుతుంటాయి. ఆశీలు కట్టనక్కర్లేని నాలుగు గజాల చోటు శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల సంఘాలకు ప్రతి జాతరలోనూ ఖాయం చేస్తే, పీచు పట్టాలు, చీపుర్లు, విస్తళ్లు అమ్ముకునేందుకు రోడ్డెక్కి పోలీసుల చేత లేపించుకోవాల్సిన పని ఉండదు. రైల్వేవాళ్లు 2022 నుంచి నడుపుతున్న ‘ఒక స్టేషన్, ఒక ఉత్పత్తి’ బడ్డీలున్నాయి. విజయనగరం, శ్రీకాకుళం రోడ్ స్టేషన్లలో జనవరి మొదటి రెండు వారాలు వాటిలో పండగ సరుకుకు చోటివ్వమని అడగవచ్చు. 

అమ్మే చోటు, తేదీ ముందే ఖాయమైతే ఏమవుతుందో చెప్పడానికి దూరపు ఉదాహరణ ఒకటి. జర్మనీలో డ్రెస్డెన్ అనే నగరం ఉంది. క్రిస్మస్ ముందు అక్కడ జరిగే చలికాలపు సంత 1434 నుంచి ఉంది. ఆ నగరానికి దక్షిణాన కొండల్లో సైఫెన్ అనే చిన్న ఊళ్లో తగరపు గనులు వట్టిపోయాక గని పనివాళ్లు చెక్క బొమ్మలు చెయ్యడం మొదలుపెట్టారు. మొదట పక్క ఆదాయం. తర్వాత అదే బతుకుతెరువు. మన ఏటికొప్పాక లక్క బొమ్మలకు వాళ్ల బొమ్మలు ఏమీ తీసిపోవు, మనవీ వాటికి తీసిపోవు. వాళ్లకున్న లాభమల్లా సంత ఎప్పుడు, ఎక్కడ జరుగుతుందో ఏడాది ముందే తెలిసి ఉండటం. గుర్తింపుకైతే మనకూ కొదవ లేదు. ఏటికొప్పాక శకటం 2025 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో ఊరేగింది. ఆ బొమ్మలకు మళ్లీ చెట్ల రంగులు తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మలు నిలబడాల్సిన సంక్రాంతి బొమ్మల కొలువు మాత్రం ఇళ్లల్లో పలచబడుతోంది.

మీ మూడో శాఖ గురించి ఒక హెచ్చరిక. భోగి పిడకలు అమెరికాకు ఎగుమతి చేద్దామని ఎవరైనా ఉత్సాహంగా ఫైలు తెస్తే సంతకం చెయ్యకండి. 2021 ఏప్రిల్‌లో ఇండియా నుంచి వాషింగ్టన్ డలెస్ విమానాశ్రయానికి వచ్చిన ఒక సూట్‌కేసులో రెండు పిడకలు దొరికితే అక్కడి కస్టమ్స్ అధికారులు వాటిని పట్టుకుని నాశనం చేశారు. పశువుల గాలికుంటు వ్యాధి వస్తుందని వాళ్ల భయం. ఆ భయం అర్థం లేనిదేమీ కాదు. న్యూజెర్సీ తెలుగువాళ్లకు పంపదగ్గవి వేరే ఉన్నాయి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస చెక్కతో చేసే కానుక వీణలు అరచేతిలో పట్టేంత చిన్నవి కూడా దొరుకుతాయి. సరవకోట మండలం బుడితిలో ఇత్తడి, కంచు సామాను ఉంది. పొందూరు పంచెలు సరేసరి. వీటికి భౌగోళిక గుర్తింపులు, బహుమతులు, మంత్రుల చేతుల మీదుగా ప్రచారం ఎంతో కొంత అందుతున్నాయి. ఈ లేఖ వాటి గురించి పెద్దగా మాట్లాడనిది అందుకే. పేరులేని పని చేసేవాళ్ల పక్షాన ఇది.

కోరేది పెద్ద పథకం కాదు. మూడు జిల్లాల్లో ఒక్కొక్క మండలం ఎంచుకోండి. పిడకలకు గజపతినగరం పక్క మండలమేదైనా సరే, పీచుకు కవిటి, చీపుర్లకు సీతంపేట. అక్టోబరులో సమాఖ్య నమోదు, నవంబరు మొదటి వారంలో అప్పు, తాడు, పెట్టెలు. డిసెంబరు 20 నాటికి మొదటి లాట్ బస్సెక్కాలి. భోగి దాటితే మిగిలిన పిడక పొయ్యిలోకే కాబట్టి ఆఖరి లాట్ జనవరి 8 లోపు కదలాలి. చీపుర్లకు ఈ తేదీలు నప్పవు, వాటి లెక్క మార్చిలో మొదలవుతుంది. ఫిబ్రవరి నెలాఖరున ఎన్ని దండలు చేశారు, ఎన్ని విరిగాయి, ఎన్ని తిరిగొచ్చాయి, గంటకు ఒక్కొక్కరికి ఎంత గిట్టింది అన్న లెక్క సంఘం పేరుతో సహా పత్రికలకు ఇవ్వండి. గంట లెక్కన చూసినప్పుడు ఉపాధి కూలి కంటే తక్కువ తేలిన పని ఏదైనా ఉంటే దాన్ని మరుసటి ఏడాది ఎవరి నెత్తినా రుద్దకండి.

భవదీయుడు,
విజయనగరం నుంచి ఒక పత్రికా రచయిత